తేదీలు జరిపితే జరపండి, తప్పులు జరపొద్దు

ఒక మనిషి బతికిన బతుకును సినిమాగా తీస్తే, చూసినవాళ్ళు రెండు జట్లుగా చీలిపోతారు. "ఎంత బాగా తీసినారప్పా, కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి" అనేవాళ్ళు ఒక జట్టు. "అదంతా ఉత్తిదే, అట్లా జరగనే లేదు" అనేవాళ్ళు ఇంకో జట్టు. కుందలహళ్ళి గేటు దగ్గర టీ అంగడిలో నిలబడితే ఈ వాదన ఎప్పుడో ఒకసారి చెవిన పడుతుంది. ఇళ్ళల్లోనూ ఇదే తంతు. పెద్దవాళ్ళు సెల్లులో 'మహానటి' పెట్టుకుంటే, పిల్లలు ఇంగ్లీషు సినిమా 'బొహీమియన్ రాప్సడీ' పెట్టుకుంటారు. రెండూ 2018లోనే వచ్చాయి. రెండూ నిజంగా బతికిన మనుషుల కథలే. రెండింటి మీదా అభిమానులు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు.

ఈ నెల ఆ కొట్లాట గురించే మాట్లాడుకుందాం. ఇది సినిమా పిచ్చోళ్ళ గొడవే కదా అని తీసిపారేయకండి. పోయినవాళ్ళ సంగతి ఎవరు చెప్పాలి, ఎట్లా చెప్పాలి అనే ప్రశ్న ఇందులో ఉంది. అది మన ఇళ్ళకూ తగిలే ప్రశ్న.

ముందు పిల్లల సినిమా సంగతి చూద్దాం.

బెంగళూరులో పెరిగిన పిల్లలకు రాక్ పాటలు కొత్త కాదు. 2007లో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు బ్యాండు మన ప్యాలెస్ గ్రౌండ్స్‌కే వచ్చి పాడింది. పెద్దవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, రాక్ బ్యాండు మన ఊళ్ళల్లో చెక్కభజన జట్టు లాంటిది. ఒకడు ముందుండి పాడతాడు, మిగతావాళ్ళు వాయిస్తారు, వంత పాడతారు. పేరు మాత్రం ముందున్నవాడికే ఎక్కువ వస్తుంది. 1970లో ఇంగ్లండులో మొదలైన 'క్వీన్' అట్లాంటి జట్టే. పాడేది ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటార్ బ్రయాన్ మే, డ్రమ్స్ రోజర్ టేలర్, బేస్ గిటార్ జాన్ డీకన్.

ఈ ఫ్రెడ్డీ మనకు మరీ పరాయివాడు కాదు. అసలు పేరు ఫరూఖ్ బల్సారా. గుజరాత్ మూలాలున్న పార్సీ కుటుంబం. 1946లో ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో పుట్టాడు. మహారాష్ట్రలోని పంచ్‌గనిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. తోటి పిల్లలతో కలిసి మొదటి బ్యాండు కట్టింది కూడా అక్కడే. 1991 నవంబరు 24న ఎయిడ్స్ జబ్బుతో పోయాడు. అప్పటికి వయసు 45.

ఆయన వేషం వేసిన రామి మాలెక్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది. సినిమాకు మొత్తం నాలుగు ఆస్కార్లు. విమర్శకులు చాలామంది పెదవి విరిచినా జనం మాత్రం విరగబడి చూశారు. 1985 జులై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన కచేరీని సినిమా చివర్లో అచ్చు దింపినట్టు తీశారు. పియానో మీది కూల్‌డ్రింకు కప్పులు కూడా ఆ రోజు ఉన్నట్టే పెట్టారు. ఆ భాగం బాగాలేదన్న అభిమాని అరుదు.

మరి ఫిర్యాదులేమిటి? మొదటిది చిన్నది. 1977లో వచ్చిన ఒక పాటను సినిమాలో 1980లో పుట్టినట్టు చూపించారు. కరుడుగట్టిన అభిమానులు దీన్ని పట్టుకుని నవ్వారు గానీ, గుండెలు బాదుకోలేదు. రెండు గంటల పైచిలుకు సినిమాలో పదిహేనేళ్ళు ఇరికించాలంటే అటూ ఇటూ జరగక తప్పదు.

రెండోది పెద్దది. ఫ్రెడ్డీ ఒక్కడే విడిగా పాటల రికార్డుకు ఒప్పందం చేసుకున్నాడని, దాంతో బ్యాండు విడిపోయిందని, ఆయన తిరిగొచ్చి మిగతావాళ్ళను క్షమించమని అడిగాడని సినిమా చెబుతుంది. జరిగింది వేరు. డ్రమ్స్ వాయించే టేలర్ 1981లోనే సొంత రికార్డు చేశాడు. గిటార్ మే 1983లో చేశాడు. ఫ్రెడ్డీ రికార్డు వచ్చింది 1985లో. బ్యాండు విడిపోనే లేదు. 1984లో అందరూ కలిసి కొత్త రికార్డు తెచ్చి, ఆ వెంబ్లీ కచేరీకి రెండు నెలల ముందు దాకా దేశదేశాలు తిరిగి పాడుతూనే ఉన్నారు. అంటే ముందు బయట రికార్డు చేసినవాళ్ళు ఇద్దరుంటే, జట్టును విడగొట్టిన నింద మూడోవాడి మీద పడింది. ఆ ఇద్దరూ బతికే ఉన్నారు, సినిమాకు సంగీతం విషయంలో అండగా నిలిచారు. నింద మోసినవాడు పోయాడు, వచ్చి "అట్లా కాదు" అనలేడు. వాళ్ళు కావాలని చేశారని నేననను. కానీ కథ ఆ వైపుకే ఒరిగింది.

మూడోది జబ్బు సంగతి. కచేరీకి ముందే ఆయనకు జబ్బు తెలిసినట్టు, తోటివాళ్ళకు చెప్పినట్టు సినిమాలో ఉంది. నిర్ధారణ అయింది 1987లో అని ఆయనతో కలిసి బతికిన జిమ్ హటన్ తర్వాత పుస్తకంలో రాశాడు. ఫ్రెడ్డీ మగవాళ్ళను ప్రేమించిన మనిషి. సినిమా దాన్ని దాచలేదు. కానీ ఆ జీవితమే ఆయనకు పట్టిన శని అన్నట్టు, జబ్బు దానికి పడిన శిక్ష అన్నట్టు కథ అల్లారని చాలామంది అభిమానులు బాధపడ్డారు. ఇక్కడ జరిపింది తేదీ ఒక్కటే కాదు. తేదీతోపాటు తీర్పు కూడా వచ్చి కూర్చుంది.

నాకు అర్థమైన తేడా ఇది. మిల్లులో పనిచేసినవాళ్ళకు చెబితే వెంటనే తెలుస్తుంది. గుడ్డను కొలతకు తగ్గట్టు కత్తిరించడం పనిలో భాగం. కానీ ఒకరి మగ్గం మీద పడిన డ్యామేజీని ఇంకొకరి టికెట్ నంబరు మీద రాయడం అన్యాయం. ఆ రెండోవాడు ఆ రోజు లీవులో ఉంటే మరీ అన్యాయం. తేదీ జరపడం మొదటి రకం. తప్పు జరపడం రెండో రకం.

ఇప్పుడు మన సినిమాకు వద్దాం.

'మహానటి' మన ఊళ్ళోనే మొదలవుతుంది. సావిత్రి 1980లో బెంగళూరులో ఉండగానే కోమాలోకి వెళ్ళింది. పందొమ్మిది నెలలు అట్లాగే ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది. నాగ్ అశ్విన్ సినిమా తలుపు తెరిచేది ఆ బెంగళూరు ఆస్పత్రి దగ్గరే. గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల 'దేవదాసు'లో పార్వతి అయింది, 'మాయాబజార్'లో శశిరేఖ అయింది, దర్శకురాలు అయింది, చివరికి ఏమీ మిగలకుండా పోయింది. సావిత్రిగా కీర్తి సురేశ్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

ఈ సినిమాలోనూ కల్పన బోలెడుంది. సమంత వేసిన విలేకరి మధురవాణి, విజయ్ దేవరకొండ వేసిన ఫొటోగ్రాఫర్ ఆంథోనీ కల్పించిన పాత్రలే. సావిత్రి కథ మధ్యలో వాళ్ళ ప్రేమకథ ఎందుకని విసుక్కున్నవాళ్ళు ఉండొచ్చు గానీ, మోసం చేశారని ఎవరూ అనలేదు. ఆ పాత్రల వల్ల పోయినవాళ్ళ మీద మచ్చ పడలేదు కాబట్టి. అభిమానికి కల్పన అంటే అంత పట్టింపు లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

గొడవంతా జెమినీ గణేశన్ దగ్గర వచ్చింది. దుల్కర్ సల్మాన్ వేసిన ఆ పాత్ర గురించి మన కాలనీలో ఒక అత్తాకోడళ్ళ మాటలు విన్నాను.

"ఏమన్నా చెప్పత్తా, ఆయమ్మ బతుకును చెడగొట్టింది ఆయప్పే" అంది కోడలు.

"ఒక్కడి వల్లనే చెడిపోతుందా బతుకు? సొమ్మున్నప్పుడు చుట్టూ చేరినోళ్ళంతా యాడికి పోయినారు?"

"వాళ్ళనూ చూపించినారు కదత్తా."

"చూపించినారు, కొంచెం సేపు. తాగేది నేర్పించింది మాత్రం మొగుడే అని బాగా గుర్తుండేటట్టు చూపించినారు. అది నిజమో కాదో నీకెట్లా తెలుసు?"

"సినిమాలో ఉంది కదా."

"అదే నేననేది."

ఆ అత్త మాట తేలిగ్గా తీసుకునేది కాదు. సినిమా వచ్చిన కొద్ది రోజులకే జెమినీ గణేశన్ కూతురు, డాక్టరు కమలా సెల్వరాజ్ పత్రికలవాళ్ళతో ఇదే చెప్పారు. తన తండ్రిని తక్కువ చేసి చూపించారని, సావిత్రికి తాగుడు అలవాటు చేసింది ఆయనే అన్నట్టు చూపించడం సరికాదని ఆమె బాధ. మరోవైపు సావిత్రి కూతురు విజయ చాముండేశ్వరి సినిమా తీసేవాళ్ళకు తల్లి సంగతులు చెప్పారు, సినిమా వచ్చాక సంతోషించారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ ఇద్దరికీ తల్లులు వేరు గానీ తండ్రి ఒక్కడే. ఇద్దరూ ఆయన కూతుళ్ళే. ఒకామె చూసిన నాన్న వేరు, ఇంకొకామె తల్లి పక్కన నిలబడి చూసిన నాన్న వేరు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. జెమినీ 2005లోనే పోయారు. సావిత్రి అంతకు చాలా ముందే పోయింది. గ్లాసు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోయిందో ఆ ఇద్దరికే తెలియాలి.

నా మటుకు నాకు 'మహానటి' మంచి సినిమా. జెమినీని వట్టి దుర్మార్గుడిగా చూపించలేదు. ఆయనలోని ప్రేమనూ చూపించింది, అసూయనూ చూపించింది. అయినా ఆ తాగుడు సీను దగ్గర దర్శకుడు కొంచెం వెనక్కి తగ్గాల్సింది. ఆ ఒక్క సీను లేకపోయినా సావిత్రి బాధ వీసమెత్తు తగ్గేది కాదు. పెట్టడం వల్ల మాత్రం ఒక మనిషి మీద తీర్పు పడిపోయింది, దాన్ని చూసినవాళ్ళు సాక్ష్యంగా నమ్ముతున్నారు.

తప్పును ఇంకొకరి మీదికి జరపడం ఒక పద్ధతైతే, ఎక్కడ ఆపాలో చూసుకుని ఆపెయ్యడం ఇంకో పద్ధతి. 2019లో మూడు నెలల్లో ఎన్.టి.రామారావు మీద మూడు సినిమాలు వచ్చాయి. జనవరి 9న 'కథానాయకుడు', ఫిబ్రవరి 22న 'మహానాయకుడు'. ఈ రెండూ క్రిష్ దర్శకత్వంలో వచ్చాయి, కొడుకు బాలకృష్ణే తండ్రి వేషం వేశారు. మార్చి 29న రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్' తెలంగాణలో విడుదలైంది, ఎన్నికల వేళ కావడంతో ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆగిపోయింది.

మొదటి రెండు సినిమాల కథ బసవతారకం గారు పోయేదాకా నడిచి ఆగుతుంది. 1995 ఆగస్టు దాకా రాదు. మూడో సినిమాకు ఆ చివరి ఏళ్ళే కథ. రామారావు అభిమానులు, మన పేటల్లో ఆయన ఫొటో గోడకు పెట్టుకున్న పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, అనేమాట ఇదీ: "వాళ్ళకు కావాల్సిన ముక్క వాళ్ళు తీసుకున్నారు, వీళ్ళకు కావాల్సిన ముక్క వీళ్ళు తీసుకున్నారు. మాకు కావాల్సిన మనిషి రెండింటి మధ్యలో ఎక్కడో పడిపోయినాడు." మొదటి రెండు సినిమాలూ ఆశించినంత ఆడలేదు. అభిమానులు ఉన్న మనిషి కథకే అభిమానులు ఎగబడలేదంటే, పొగిడినంత మాత్రాన వాళ్ళకు తృప్తి ఉండదని అర్థం. దేవుడి వేషంలో చూసి దండం పెట్టినవాళ్ళే ఆయన ఓడిపోయిన రోజు కూడా చూడటానికి సిద్ధంగా ఉన్నారు. సినిమావాళ్ళే సిద్ధంగా లేరు.

మరి చట్టం ఏమంటుంది? కొందరు పాఠకులకు ఈ అనుమానం రావచ్చు. 1994లో ఆటో శంకర్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. కోర్టు రికార్డుల లాంటి బహిరంగ రికార్డుల్లో ఉన్నంత మేరకు ఒకరి జీవితకథను వాళ్ళ అనుమతి లేకుండానే ప్రచురించవచ్చు, అది దాటి సొంత బతుకులోకి పోతే చిక్కే అంది. జయలలిత మీద తీసిన 'తలైవి'ని ఆపాలని ఆమె మేనకోడలు దీప వేసిన కేసులో 2021లో మద్రాసు హైకోర్టు, గోప్యత హక్కు మనిషితోపాటే పోతుంది, వారసులకు రాదు అని తేల్చింది. మరోపక్క, ఇంట్లోవాళ్ళ మనసు నొప్పించాలనే ఉద్దేశంతో చనిపోయినవాళ్ళ పరువు తీసినా అది పరువు నష్టమే కావచ్చని శిక్షాస్మృతిలో పాతకాలం నుంచీ ఉంది. కానీ ఆ ఉద్దేశాన్ని రుజువు చెయ్యడం, కోర్టుల చుట్టూ తిరగడం ఎవరివల్ల అవుతుంది? పేరున్నవాళ్ళకే కష్టం. పేరు లేనివాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

పేరు లేనివాళ్ళు అంటే మనమే. మన మీద సినిమా ఎవరు తీస్తారులే అనుకోకండి. ఇప్పటికే తీశారు.

1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికులు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మెకు దిగారు. దాదాపు రెండున్నర లక్షల మంది. తెలంగాణ నుంచి వలస పోయి ఆ మిల్లుల్లో బతికిన మన పద్మశాలీలు ఎందరో ఉన్నారు. ఆ సమ్మె తర్వాతి రోజుల మీద మహేశ్ మంజ్రేకర్ 2010లో మరాఠీలో 'లాల్‌బాగ్ పరేల్', హిందీలో 'సిటీ ఆఫ్ గోల్డ్' అని సినిమా తీశాడు. జయంత్ పవార్ నాటకం దానికి ఆధారం. అందులో ఒక మిల్లు కుటుంబం సమ్మె దెబ్బకు చెదిరిపోతుంది, కొడుకు రౌడీ ముఠాలో కలుస్తాడు. అట్లా కలిసినవాళ్ళు ఉన్నారు, కాదనలేం. మిల్లు యజమానులు భూములను సొమ్ము చేసుకున్న తీరును కూడా సినిమా దాచలేదు, అందుకు మెచ్చుకోవాలి. కానీ పాలుమాలకుండా నాలుగిళ్ళల్లో పాచిపని చేసి పిల్లల్ని చదివించిన తల్లులున్న ఇళ్ళు ఎన్ని? ముఠాలో చేరని కొడుకులు ఎందరు? తెర మీద తుపాకీ గుర్తుండినంతగా అంట్లగిన్నె గుర్తుండదు. రేపు మన మనవడు ఆ సినిమా చూసి "మిల్లోళ్ళ పిల్లలంతా రౌడీలయ్యారంట కదా" అంటే ఏం చెబుతాం?

మన బెంగళూరులోనే చూడండి. బిన్నీ మిల్లు పోయింది, మినర్వా మిల్లు పోయింది. బిన్నీ మిల్లు స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఆ మిల్లుల మీదా సినిమా తీస్తారు. అప్పుడు ఆ కథను ఎవరిని అడిగి రాసుకుంటారు? "యూనియనోళ్ళ వల్లే మూతపడింది" అని ఒకరు చెప్పొచ్చు. "కూలోళ్ళు తాగి పాడైపోయినారు" అని ఇంకొకరు చెప్పొచ్చు. పని పోయాక తాగుడుకు బానిసైన తండ్రులు మన పేటల్లో ఉన్నారు. తాగినందుకు పని పోయిందా, పని పోయినందుకు తాగాడా అనేది ఆ ఇంటివాళ్ళకే తెలుసు. సినిమావాడు ఆ రెండింటి వరసను కొంచెం మార్చితే చాలు, పోయిన మనిషి మీద జీవితాంతం పడనంత నింద పోయాక పడుతుంది. ఇక్కడ తేదీ జరపడమే తప్పు జరపడం అయిపోతుంది.

అందుకే ఇట్లాంటి సినిమా చూసినప్పుడు పిల్లలతో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ కథ ఎవరి వైపు నుంచి చెప్పినారు, వాళ్ళల్లో బతికున్నది ఎవరు? తప్పంతా ఎవరి నెత్తిన వేసినారు, ఆ మనిషి వచ్చి బదులు చెప్పగలడా? కథను ఎక్కడ ఆపినారు, ఆ తర్వాత ఏం జరిగింది? ఈ మూడూ అడిగాక కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తిరగనివ్వండి, తప్పేం లేదు. ఫ్రెడ్డీ పాడేటప్పుడు, సావిత్రి ఏడ్చేటప్పుడు అభిమాని కరిగిపోవడం మంచిదే. సినిమా చూసి ఇష్టపడటానికి దాన్నంతా నమ్మాల్సిన పని లేదు.

ఇంకో పని కూడా ఉంది, ఇది మనవల్లే అవుతుంది. ఇంట్లో పాత టికెట్ కార్డు, జీతం చీటీ, గేటు పాసు, మిల్లు ముందర తీయించుకున్న ఫొటో ఏదున్నా పారెయ్యకండి. ఫొటో వెనకాల ఎవరు ఎవరో, ఏ సంవత్సరమో రాసి పెట్టండి. ముసలాయన చెప్పే పాత ముచ్చట్లను మనవడి సెల్లులో రికార్డు చేయించండి. మిల్లు ఎందుకు మూతపడిందని ఆయన అనుకుంటున్నాడో కూడా అడగండి, కోపంగా చెప్పినా సరే చెప్పనివ్వండి. పక్కింటాయన వేరే కథ చెబితే అదీ రికార్డు చెయ్యండి. కమలమ్మకూ చాముండేశ్వరమ్మకూ తండ్రి రెండు రకాలుగా కనబడినట్టే, మన మిల్లు కూడా ఒక్కొక్కరికి ఒక్కో రకంగా కనబడి ఉంటుంది. రెండూ ఉంటేనే రేపు అడగవచ్చినవాడికి ఒక్క ముక్క పట్టుకుని పోయే వీలుండదు.

మీ ఇంట్లో జరిగిన సినిమా వాదనలు కూడా మన పత్రికకు రాసి పంపండి. రాయడం రానివాళ్ళు పిల్లల చేత రాయించండి. ఎన్టీఆర్ సినిమాల మీద నేనన్న మాటలు నచ్చని పెద్దలు తప్పకుండా రాయాలి. వాళ్ళ మాటకూ ఈ పేజీలో చోటుంది.